కూలి డబ్బు విలువ పోతే ఎవరి పద్దులో రాయాలి?

ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు చేండ్లల్ల మా నాయిన జీతం చేసిండు. ఏడాది జీతం ఉగాదికి మాట్లాడుకునేటోళ్లు. ఒప్పుకున్న రూపాయలు మళ్ల ఉగాది దాకా మారకపోయేది. బియ్యం ధర మాత్రం ఉగాది కోసం ఆగలే. నడుమ పోయిన విలువను పటేలు పద్దుల ఎన్నడూ రాయలే. అడగొచ్చని మాకూ తెల్వదు.

ఆ లెక్క కష్టమేం కాదు. నెలకు 5,000 రూపాయలు, బియ్యం కిలో 40 అనుకుందాం. జీతానికి 125 కిలోలు వస్తాయి. ధర 50కి పెరిగితే వచ్చేది 100 కిలోలే. ధర పెరిగింది 25 శాతం, కొనే శక్తి పోయింది 20 శాతం. పాత 125 కిలోలు కొనాలంటే 6,250 కావాలి. అంటే నెలకు 1,250 రూపాయల నష్టం. వచ్చే ఉగాదికి పది శాతం పెంచినా 5,500కు 110 కిలోలే. పెంచామని వాళ్లంటారు, తగ్గిందని గంప చెబుతుంది.

కంపెనీలకైతే ఇందుకో పద్ధతి ఉంది. జర్మనీలో 1923 నవంబరు నాటికి ఒక్క డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు. అలాంటి అతి ద్రవ్యోల్బణంలో లెక్కలు ఎలా రాయాలో 1989లో వచ్చిన అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం 29 చెబుతుంది. మూడేళ్లలో ధరలు దాదాపు రెట్టింపు కావడం దానికో గుర్తు. భూమి, యంత్రం, సరుకు విలువను ధరల సూచీ ప్రకారం తిరగరాస్తారు. నగదు, రావలసిన బాకీల అంకె మారదు, విలువ కరుగుతుంది. ఆ నష్టాన్ని పద్దులో చూపిస్తారు.

మన దేశంలో ఆ స్థాయి రాలేదు. కానీ 1974-75లో టోకు ధరలు సగటున 25 శాతం పెరిగాయి. అదే పద్ధతిని జీతగాడికి వర్తింపజేయండి. భూమి లేదు, గోదాంలో పసుపు లేదు. ఉన్నదల్లా రావలసిన జీతం, అంటే కరిగిపోయేదే. ధరలు పెరిగితే అప్పున్నవాడికి లాభమంటారు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. ధరలు 25 శాతం పెరిగినా ఆ అప్పు బరువు తగ్గదు.

సర్కారు లెక్కకు వ్యవసాయ కూలీల ధరల సూచీ ఉంది. 2011 నుంచి ఉపాధి హామీ కూలి రేట్లను దానితోనే ముడిపెట్టారు. 1986-87 ఆధారంగా కట్టిన ఆ సూచీకి మూలం 1983 నాటి ఇంటి ఖర్చులు, అందులో తిండి వాటా దాదాపు 69 శాతం. 2019 ఆధారంతో కొత్త సూచీ 2025లో గానీ రాలేదు. అంతదాకా పిల్లల ఫీజులను, దవాఖాన ఖర్చును నలభై ఏండ్ల కిందటి తక్కెడతోనే తూచారు.

2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు ధర కోసం నిజామాబాద్‌లో 170 మందికి పైగా రైతులు పోటీకి నిలిచారు. 2025లో పసుపు బోర్డు వచ్చింది. న్యాయమే. ఆ పసుపు తవ్విన చేతుల కూలి విలువ మాత్రం చర్చకు రాలేదు.

జర్మనీ మార్కు కూలిన 1923లోనే అంబేడ్కర్ 'ది ప్రాబ్లం ఆఫ్ ది రూపీ' ప్రచురించారు. రూపాయి విలువ పడితే ఒక వర్గం పొందే లాభం మరో వర్గం నష్టమేనని ఆయన వాదించారు. ధరలంత వేగంగా కూలి పెరగదు గనక ఆ నష్టం శ్రామికుడిది.

కాబట్టి ఉగాదికి జీతం మాట్లాడేటప్పుడు రూపాయల పక్కన బియ్యం కిలోలు కూడా రాయించాలి. ఆరు నెలలకోసారి మళ్లీ లెక్క చూడాలి. పద్దు రాయడం మనమూ నేర్చినం. ఇక ఆ పద్దు మనమే రాద్దాం.