ఫైలు చిన్నదవ్వాలంటే జ్ఞాపకం పెద్దదవ్వాలి

మెల్‌బోర్న్ ఉత్తర శివారు క్రెయిగీబర్న్ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "పెళ్లి వీడియోల ఫోల్డరుకు నకలు తీసి, రెంటినీ టార్‌తో ఒకే ఫైలుగా కట్టి, జీజిప్‌తో కుదించాను. రెండోది అచ్చంగా మొదటిదే కదా! సైజు సగానికి కూడా ఎందుకు తగ్గలేదు?" ఈ ప్రశ్నకు జవాబు ఆస్ట్రేలియాలోనే పుట్టింది.

1977లో లెంపెల్, జివ్ అనే పరిశోధకులు చూపిన కుదింపు కిటుకు తేలికైనది. ఒకసారి వచ్చిన ముక్కే మళ్లీ వస్తే తిరిగి రాయనక్కర్లేదు. ఎంత వెనక్కి వెళ్లాలో, ఎన్ని బైట్లు తెచ్చుకోవాలో రాస్తే చాలు. జీజిప్ వాడేదీ ఈ కిటుకునే, కానీ అది వెనక్కి చూడగలిగేది 32 కిలోబైట్లే. రెండో ఫోల్డరు మొదలయ్యేసరికి మొదటిది దానికి గుర్తే ఉండదు. పైగా వీడియోలు ముందే కుదించి ఉంటాయి కనుక దగ్గర్లో వెతికినా పెద్దగా ఏమీ దొరకదు.

ఈ మతిమరుపుకు మందు కనిపెట్టినవాడు ఆండ్రూ ట్రిడ్జెల్. కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో 1999 నాటి తన పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథంలో ఫైళ్లను సమకాలీకరించే ఆర్‌సింక్‌తో పాటు ఆర్‌జిప్ అనే కుదింపు సాధనాన్నీ వివరించాడు. ఆర్‌జిప్ 900 మెగాబైట్ల దాకా వెనక్కి చూస్తుంది. అంత దూరంలో ప్రతి బైటునూ పోల్చి చూస్తూ కూర్చుంటే పని తెమలదు. అందుకే 31 బైట్ల ముక్క ముక్కకూ వేలిముద్రలాంటి సంఖ్య కడుతుంది. ఒక బైటు ముందుకు జరిగితే లెక్క మళ్లీ మొదటికి రాదు: బయటికెళ్లిన బైటు వంతు తీసేసి, లోపలికొచ్చిన బైటు వంతు చేరిస్తే కొత్త ముద్ర సిద్ధం.

అసలు అందం దీని తర్వాతే ఉంది. ముద్రల పట్టిక నిండిపోతే, చివరి బిట్లు ఒక నియమానికి సరిపోయిన ముద్రల్నే ఉంచి మిగతావి తీసేస్తుంది. పట్టిక మళ్లీ నిండితే నియమం బిగుస్తుంది. ఇలా పారేస్తే నకలు దొరకదేమో అనిపిస్తుంది. కానీ నియమం చూసేది ముక్క ఎక్కడుందని కాదు, ముక్కలో ఏముందని. మొదటి ప్రతిలో నిలిచిన ముద్ర రెండో ప్రతిలోనూ అదే నియమానికి నిలుస్తుంది. పొడవైన నకలులో ఒక్క ముద్ర కలిసినా చాలు, అక్కణ్నుంచి ముందుకూ వెనక్కూ బైటు బైటు పోల్చుకుంటూ మొత్తం పట్టేస్తుంది. ఇంత పొదుపైన జ్ఞాపకం కుదింపు విద్యలో అరుదు.

మెల్‌బోర్న్‌లో మత్తుమందు వైద్యుడైన కాన్ కొలివాస్ దీన్ని ఎల్‌ఆర్‌జిప్‌గా విస్తరించాడు. ర్యామ్ ఎంత ఉంటే అంత దూరం వెతుకుతుంది. 'అన్‌లిమిటెడ్' ఆప్షన్ ఇస్తే ర్యామ్‌కు మించిన ఫైలులోనూ వెతుకుతుంది, కాకపోతే బాగా నెమ్మదిస్తుంది.

జ్ఞాపకం లేకుండానే అద్భుతాలు చేస్తామన్నవారూ ఉన్నారు. 1992లో వెబ్ టెక్నాలజీస్ అనే అమెరికన్ సంస్థ ఎలాంటి ఫైలునైనా దాదాపు పదహారో వంతుకు కుదిస్తానంది. అది అసాధ్యం. చిన్న ఫైళ్ల సంఖ్య పెద్ద ఫైళ్ల సంఖ్యకంటే తక్కువ. వేర్వేరు పెద్ద ఫైళ్లు ఒకే చిన్న ఫైలుగా మారితే, విప్పేటప్పుడు ఏది ఏదో తేలదు.

"గరిష్ఠ కుదింపు స్థాయి -9 పెడితే ఎప్పుడూ మేలే" అన్నదీ పొరపాటే. ఎక్స్‌జెడ్ అనే మరో కుదింపు సాధనంలో మామూలు స్థాయి -6కు డిక్షనరీ, అంటే వెనక్కి చూసే దూరం, 8 మెబీబైట్లు. కుదించడానికి 94, విప్పడానికి 9 మెబీబైట్ల మెమరీ కావాలి. -9కు డిక్షనరీ 64. కుదించడానికి 674, విప్పడానికి 65. కుదించేటప్పుడు వెతుకులాట పట్టికలు కావాలి, విప్పేటప్పుడు వెనక్కి చూసి రాసుకుంటే చాలు, అందుకే అంత తేడా. ఫైలు 8 మెబీబైట్లలోపే ఉంటే పెద్ద డిక్షనరీ వల్ల ఒరిగేదేమీ లేదు.

క్రెయిగీబర్న్ పాఠకుడికి నా మాట: నకళ్లున్న పెద్ద మూటకు ఎల్‌ఆర్‌జిప్ వాడండి. చిన్న ఫైళ్లకు ఎక్స్‌జెడ్ మామూలు స్థాయి చాలు. ఆ మూట విప్పబోయే కంప్యూటరులో ర్యామ్ ఎంతుందో ముందే కనుక్కోండి. ఒకసారి విప్పి సరిచూసుకోకుండా మాత్రం అసలు వీడియోలు చెరిపేయకండి.