గోడమీద సర్టిఫికెట్, గేజిమీద తేదీ

1995 జనవరిలో మా మేనత్తగారు ఇద్దరు పిల్లల్నీ, ఒక ట్రంకు పెట్టెనూ వెంటబెట్టుకుని యానాంలోని మా ఇంటికి వచ్చి దిగారు. ఆవిడ అత్తవారి ఊరు కోనసీమలో, పాశర్లపూడికి దగ్గర. ఆ నెల 8వ తేదీన అక్కడ ఓ.ఎన్.జి.సి. బావిలోంచి గ్యాసు ఒక్కసారిగా ఎగదన్ని అంటుకుంది. దాన్నే అందరూ ‘బ్లో అవుట్’ అన్నారు. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ అత్తయ్య గ్యాసు పొయ్యి ముట్టుకోలేదు. పెరట్లో కట్టెల పొయ్యి మీదే వండేవారు.

ఆవిడ ఒకటే ప్రశ్న పదేపదే అడిగేవారు. “అంత పెద్ద కంపెనీ కదా బాబూ, ఎవరూ చూసుకోరా?”

నేనప్పటికి బి.కాం. పూర్తిచేసి బ్యాంకులో కొత్తగా చేరినవాణ్ణి. ఏం చెప్పాలో తెలియక, “పెద్దవాళ్లున్నారులే అత్తయ్యా” అన్నాను. ఆ జవాబు ఎంత తప్పో నాకు తెలియడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న సమాధానం.

పెళ్లి పందిరి లాంటిది

చమురు బావి అంటే ఒకే కంపెనీ మనుషులు తవ్వేదని మనం అనుకుంటాం. అది నిజం కాదు. పెళ్లి ఇంట్లో పందిరి ఒకరిది, మేళం ఒకరిది, వంట ఒకరిది అయినట్టే, బావి దగ్గర కూడా పనులు పంచి ఉంటాయి. రిగ్గు ఒక కంపెనీది. బావిలో దింపిన పైపుల చుట్టూ సిమెంటు పోసేవారు వేరు. లోపలి రాతి పొరలను పరికరాలతో పరీక్షించేవారు వేరు. వాల్వులు విప్పి బాగుచేసేవారు, గొట్టాలను ఒత్తిడికి పరీక్షించేవారు, ఆఖరికి అన్నం వండిపెట్టేవారు కూడా వేరువేరు. వీరినే సర్వీసు కంపెనీలంటారు. వీటిలో వేల కోట్ల విదేశీ సంస్థలూ ఉన్నాయి, పదిహేను ఇరవై మందితో నడిచే షెడ్లూ ఉన్నాయి.

పెళ్లిలో పందిరి వాడు ఆలస్యం చేస్తే మాట పడతాడు, అంతే. బావి దగ్గర ఒకరి పొరపాటు ఇంకొకరి ప్రాణం మీదికి వస్తుంది. ఇందుకు ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ పైపర్ ఆల్ఫా. అది స్కాట్లండ్ తీరానికి దూరంగా ఉత్తర సముద్రంలో ఉండే వేదిక. 1988 జులై 6న అక్కడ ఒక పంపుకు ఉండే రక్షక వాల్వును మరమ్మతు కోసం విప్పారు. సాయంత్రానికి పని పూర్తికాలేదు. ఆ ఖాళీని తాత్కాలికంగా ఒక మూతతో కప్పి వెళ్లారు. ఆ సంగతి రాసిన కాగితం రాత్రి షిఫ్టు వారి దృష్టికి రాలేదు. రెండో పంపు ఆగిపోవడంతో వారు మొదటి పంపును నడిపారు. మూత సందులోంచి గ్యాసు కారి పేలింది. 167 మంది చనిపోయారు. విచారణ జరిపిన లార్డ్ కలెన్ 1990లో ఇచ్చిన నివేదికలో 106 సిఫార్సులు చేశారు. వాల్వు విప్పడం తప్పు కాదు. విప్పామన్న మాట తరువాతివారికి చేరకపోవడం తప్పు.

ప్రమాణాలు ఎలా వచ్చాయి

నాణ్యతా నిర్వహణకు ప్రమాణాలు రాసే సంస్థల్లో మనకు బాగా తెలిసిన పేరు ఐ.ఎస్.ఓ. ఇది 1947లో ఏర్పడింది. కార్యాలయం జెనీవాలో ఉంది. 1987లో 9000 వరుస ప్రమాణాలను మొదటిసారి ప్రకటించింది. తరువాత 1994, 2000, 2008, 2015 సంవత్సరాలలో సవరించింది. ఈ వరుసలో సర్టిఫికెట్టుకు ఆధారమయ్యేది 9001. దాని సారాంశాన్ని ఆడిటర్లు మూడు ముక్కల్లో చెబుతారు: చేసే పని రాసిపెట్టు, రాసినట్టే చెయ్యి, చేసినట్టు ఆధారం చూపించు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ సర్టిఫికెట్ ఉందంటే లడ్డూ బాగుందని అర్థం కాదు. లడ్డూ చేసే పద్ధతి ఒకటి ఉందనీ, దాన్ని పాటిస్తున్నట్టు ఆడిటర్లు చూశారనీ మాత్రమే అర్థం. ఐ.ఎస్.ఓ. ఎవరికీ స్వయంగా సర్టిఫికెట్ ఇవ్వదు. వేరే ధ్రువీకరణ సంస్థలు తనిఖీ చేసి ఇస్తాయి. దాని గడువు సాధారణంగా మూడేళ్లు. మధ్యలో ఏటా తనిఖీ జరగాలి.

బట్టల మిల్లుకూ, ఆసుపత్రికీ, బ్యాంకుకూ అదే 9001 సరిపోతుంది. కానీ భూమిలో వేల అడుగుల లోతున ఒత్తిడితో ఉన్న గ్యాసుకు అది చాలదని ఈ పరిశ్రమ భావించింది. 1919లో ఏర్పడిన అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఎ.పి.ఐ., 1985లోనే పరికరాలు తయారుచేసేవారి కోసం ‘క్యూ 1’ అనే ప్రమాణం తెచ్చింది. సేవలు అందించేవారి కోసం ‘క్యూ 2’ మాత్రం 2011 డిసెంబరులో గాని రాలేదు. ఐ.ఎస్.ఓ. కూడా ఈ పరిశ్రమకు ప్రత్యేకంగా 29001 అనే ప్రమాణాన్ని 2003లో తెచ్చి, 2020లో తిరగరాసింది.

క్యూ 2 అదనంగా అడిగేవి సామాన్యులకూ అర్థమయ్యేవే. పనికి ముందే, ఏది చెడిపోతే ఏమవుతుందో లెక్కవేసుకోవాలి. చెడిపోతే ఏంచేయాలో ముందే రాసుకోవాలి. మధ్యలో మనిషి మారినా, పరికరం మారినా, పద్ధతి మారినా ఆ మార్పు వల్ల వచ్చే ముప్పును చూసి, సంబంధించినవారికి తెలియజేయాలి. పరికరాలను ఎప్పుడు పరీక్షించాలో, ఎప్పుడు మరమ్మతు చేయాలో పట్టిక ఉండాలి. పని చేసేవాడికి ఆ పని వచ్చునని రుజువు ఉండాలి.

ఇవి ఎందుకు కావాలో 2010 ఏప్రిల్ 20 రాత్రి మెక్సికో సింధుశాఖలో తెలిసింది. బి.పి. కంపెనీ బావి, ట్రాన్స్ఓషన్ వారి రిగ్గు, హాలిబర్టన్ వారి సిమెంటు. బావి సరిగా మూసుకుందో లేదో చూడడానికి ఆరోజు ఒత్తిడి పరీక్ష చేశారు. ఒక గొట్టంలో ఒత్తిడి సున్నా చూపింది. ఇంకో గొట్టంలో 1400 పౌండ్లు చూపింది. రెండూ ఒకే బావివి కనుక రెండోది కూడా సున్నాయే కావాలి. ఆ తేడాకు అక్కడున్నవారు ఏదో సర్ది చెప్పుకుని, పరీక్ష నెగ్గిందని నిర్ణయించారు. కొద్ది గంటల్లో బావి పేలింది. 11 మంది పోయారు. 87 రోజులపాటు చమురు సముద్రంలోకి పారింది.

ఇది చదివినప్పుడు నేను బ్యాంకు వాడిగానే ఆలోచించాను. మా కౌంటరులో సాయంత్రం క్యాషు వంద రూపాయలు తేడా వస్తే, తేడా దొరికేదాకా ఎవరమూ ఇంటికి వెళ్లం. స్ట్రాంగు రూముకు రెండు తాళాలుంటాయి. ఇద్దరు అధికారులు వస్తేగాని తెరుచుకోదు. ఒకరి మీద నమ్మకం లేక కాదు. ఎంత మంచివాడైనా ఒక్కడే ఉంటే అలసిపోతాడు, తొందరపడతాడు, తనకు తానే సర్ది చెప్పుకుంటాడు.

నా సంతకం

ఇంత చెబుతున్న నేను ఏం చేశానో కూడా చెప్పాలి.

2013లో నేను కాకినాడ వైపు ఒక శాఖలో మేనేజరుగా ఉన్నాను. రిగ్గులకు వాల్వులూ, అధిక పీడన గొట్టాలూ బాగుచేసి పరీక్షించి ఇచ్చే చిన్న యూనిట్ ఒకటి వర్కింగ్ క్యాపిటల్ కోసం వచ్చింది. పద్దెనిమిది మంది పనివాళ్లు. యజమాని కష్టజీవి. ఆఫీసు గదిలో వేంకటేశ్వరస్వామి పటం పక్కన, అంతే పెద్ద బంగారు రంగు ఫ్రేములో ఐ.ఎస్.ఓ. సర్టిఫికెట్. నేను అప్రైజల్ నోటులో ‘యూనిట్ బలాలు’ అన్నచోట మొదటి వాక్యంగా ఆ సర్టిఫికెట్ గురించే రాశాను. షెడ్డులోకి వెళ్లాను, స్టాకు లెక్కచూశాను, టీ తాగాను, వచ్చేశాను. రుణం మంజూరైంది.

రెండేళ్లు తిరక్కుండా, ఒత్తిడి పరీక్షలో ఒక గొట్టం పగిలి ఇరవై రెండేళ్ల కుర్రాడి కుడిచేయి నుజ్జయింది. ప్రాణం దక్కింది. రెండు వేళ్లు మాత్రం ఇప్పటికీ పూర్తిగా ముడవవు.

మర్నాడు తనిఖీకి వెళ్లాను. అప్పుడు చూశాను గేజిని. దానిమీద అంటించిన చీటీలో, మళ్లీ సరిచూడాల్సిన తేదీ దాటి పదకొండు నెలలైంది. పరీక్షల రిజిస్టరు తెరిచాను. మూడు నెలల పద్దులూ ఒకే కలం, ఒకే సిరా, ఒకే చేతిరాత. ఒక్క కొట్టివేత లేదు. దొంగ స్టాకు స్టేట్‌మెంట్లు ఎన్నో చూసినవాణ్ణి, ఆ పేజీ చూడగానే నాకు తెలిసిపోయింది. నాణ్యతా మాన్యువల్ తిరగేస్తే మధ్యలో ‘కుట్టు విభాగం బాధ్యతలు’ అని ఒక అధ్యాయం ఉంది! ఎవరో కన్సల్టెంటు ఏదో దుస్తుల ఫ్యాక్టరీ కోసం రాసింది పేరు మార్చి అంటగట్టాడు. రెండేళ్ల క్రితం నేను ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని ఉంటే అయిదు నిమిషాల్లో దొరికేది.

యజమాని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. “తప్పంతా నాదేనండి మేనేజరు గారూ. ఆర్డరు పోతుందని తొందర పెట్టానండి” అన్నాడు. నేను పైకి ఏమీ అనలేదు. ఆ తప్పులో నా వాటా నా నోటు మొదటి వాక్యంలో ఉంది.

పనిచ్చే పెద్ద కంపెనీ అతన్ని జాబితాలోంచి తీసేసింది. ఖాతా మొండిబాకీ అయ్యేలా ఉంది. నెల తరువాత అతనొచ్చి, రెండు వారాల్లో ఇంకో పెద్ద సర్టిఫికెట్ ఇప్పించేవారున్నారనీ, అందుకు లిమిట్ పెంచమనీ అడిగాడు. కుదరదన్నాను. పరీక్షలు చేయడానికి మందపాటి ఇనుప గోడల గది, కొత్త గేజిలు, పనివాళ్లకు శిక్షణ, వీటికైతే టర్ము లోనుకు సిఫార్సు చేస్తానన్నాను. పై ఆఫీసు వారు రెండుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి ఒప్పుకున్నారు. రిగ్గుల మీద పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వారానికి మూడు రోజులు వచ్చి, మాన్యువల్‌ను మొదటి నుంచీ తెలుగులో రాయించారు. మళ్లీ ఆర్డర్లు రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ మధ్యలో పద్దెనిమిది మంది పదకొండు మందయ్యారు. ఆ ఏడు కుటుంబాలూ ఏమయ్యాయో నేను కనుక్కోలేకపోయాను.

మన పిల్లల కోసం

మన సంఘ సభ్యుల పిల్లలు ముంబయి సముద్రంలో, పారాదీప్, మంగళూరు, మణలి రిఫైనరీల్లో, గల్ఫ్ దేశాల్లో ఈ పనులకు వెళుతున్నారు. పెళ్లి సంబంధం వస్తే ఏడు తరాలు విచారిస్తాం గాని, ఉద్యోగం వస్తే జీతం ఒక్కటే అడుగుతాం. ఇకమీద ఇంకో నాలుగు మాటలు అడగండి.

చేరగానే ఎన్నాళ్లు శిక్షణ ఇస్తారు, ఎవరు పరీక్షిస్తారు? వాడే పరికరాల మీద సరిచూసిన తేదీ ఉంటుందా? షిఫ్టు మారేటప్పుడు పని ఎక్కడిదాకా వచ్చిందో రాసి అప్పగిస్తారా? అన్నిటికన్నా ముఖ్యం, ‘ఇది సరిగా లేదు, పని ఆపుదాం’ అని కుర్రాడు అంటే అతని ఉద్యోగం ఉంటుందా?

చిన్న యూనిట్లు నడిపే మనవారికి కూడా ఒక మాట. సర్టిఫికెట్ తీసుకోండి, తప్పకుండా తీసుకోండి. అయితే ఇచ్చే సంస్థకు గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. మన దేశంలో అలాంటి గుర్తింపును ఎన్.ఎ.బి.సి.బి. ఇస్తుంది. గేజిలు సరిచూసే ల్యాబులకు ఎన్.ఎ.బి.ఎల్. ఇస్తుంది. మాన్యువల్ మీ షెడ్డులో పనిచేసేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. రిజిస్టరులో కొట్టివేతలున్నా, నూనె మరకలున్నా సిగ్గుపడకండి. నిజంగా పని జరిగినచోట అవి ఉంటాయి.

కిందటి సంక్రాంతికి ఆ షెడ్డుకు వెళ్లాను. బంగారు ఫ్రేము తీసేశారు. కొత్త సర్టిఫికెట్ ఫైల్లో ఉంది. గాయపడిన కుర్రాడే ఇప్పుడు పరీక్షల గదికి ఇన్‌ఛార్జి. ఆరోజు ఒక గేజి తేదీ దాటిందని పని ఆపేశాడు. “దాటింది నిన్నేనండి, ఒక్కరోజుకి ఏం కొంప మునుగుద్దండి” అంటూ యజమాని నా ముందే సణిగాడు. కుర్రాడు జవాబు చెప్పలేదు. ముడవని వేళ్లతోనే కలం పట్టుకుని, రిజిస్టరులో ‘పరీక్ష చేయలేదు’ అని రాసి సంతకం పెట్టాడు. యజమాని సణుగుతూనే ల్యాబుకు ఫోను కలిపాడు.

మేనత్తగారు ఉండి ఉంటే ఆ సంతకం చూపించేవాణ్ణి. “ఇతనేనత్తయ్యా, చూసుకునేవాడు” అని చెప్పేవాణ్ణి.