గజ్జల్లో ఉబ్బు.. హెర్నియా ఒక్కటేనా?

ఇంట్లో పెద్దాయనకు గజ్జల్లో ఉబ్బు ఉంటుంది. పడుకుంటే లోపలికి పోతుంది. నిలబడి దగ్గితే బయటికొస్తుంది. నొప్పి లేదు కదా అని ఏళ్ల తరబడి పంచె చాటున దాచేస్తారు. ఇదే గజ్జల హెర్నియా. పొట్ట గోడ బలహీనపడిన చోట నుంచి కొవ్వు పొర, పేగు సంచిలా జారి వస్తాయి. జీవితకాలంలో ప్రతి 100 మంది మగవారిలో సుమారు 27 మందికి వచ్చే సమస్య ఇది.

చాలా అరుదుగా, అలా జారిన పేగులోనే క్యాన్సర్ ఉంటుంది. ఇది ఎక్కువగా ఎడమవైపే కనిపిస్తుంది. ఎందుకంటే పెద్దపేగు చివర్లో మెలిక తిరిగి ఉండే సిగ్మాయిడ్ కోలన్ ఉండేది అటువైపే. అది వదులుగా కదులుతుంది కాబట్టి సంచిలోకి తేలిగ్గా జారుతుంది.

పొరపాటు ఎక్కడ?

మలబద్ధకం వస్తే హెర్నియా వల్లే అనుకుంటాం. మలంలో రక్తం పడితే మొలలు అంటాం. నీరసపడితే వయసు మీద పడిందంటాం. మూడింటికీ మూడు కారణాలు దొరికేసరికి అసలు జబ్బు తప్పించుకుంటుంది.

ఇవి ఉంటే ఆలస్యం వద్దు

• కొన్ని వారాలుగా మలవిసర్జన అలవాటు మారడం
• మలంలో రక్తం, కారణం తెలియకుండా బరువు తగ్గడం
• మగవారిలో హిమోగ్లోబిన్ 13 కన్నా తగ్గడం, ముఖ్యంగా ఐరన్ లోపం
• ఇంతకాలం లోపలికి పోయిన ఉబ్బు పోకపోవడం, గట్టి గడ్డలా తగలడం

హెర్నియా ఉన్న అందరికీ కొలనోస్కోపీ అక్కర్లేదు. ఈ లక్షణాలుంటే మాత్రం ఆపరేషన్‌కు ముందే కొలనోస్కోపీ, సీటీ స్కాన్ అవసరమవుతాయి. కొలనోస్కోపీ చేసే డాక్టరుకు హెర్నియా సంగతి ముందే చెప్పండి. జారిన పేగులో గొట్టం చిక్కుకునే ప్రమాదముంది.

క్యాన్సర్ అని ముందే తెలిస్తే ఆపరేషన్ తీరే మారుతుంది. జబ్బు ఉన్న పేగు భాగాన్ని, దాని లింఫు గ్రంథులతో సహా తీసేస్తారు. హెర్నియానూ సరిచేస్తారు. ఇన్ఫెక్షన్ భయం ఉంటే మెష్ వేయకుండా కుట్లతోనే మూస్తారు. గ్రంథులకు పాకి ఉంటే కీమోథెరపీ అవసరమవుతుంది.

ఉబ్బు దగ్గర తీవ్రమైన నొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బరం, గ్యాస్ కూడా పోకపోవడం.. ఇవి అత్యవసర లక్షణాలు. ఉబ్బును చేత్తో లోపలికి నెట్టకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బిడియంతో పెద్దవాళ్లు తమంతట తాము చెప్పరు. ఈ ఆదివారం మీరే అడగండి.