మోకాళ్లు మొరాయిస్తున్నాయా?

గోడ పట్టుకుంటేగానీ లేవలేరు. మెట్లు చూస్తే భయం. పెళ్లిలో బంతిభోజనమంటే కుర్చీ వెతుక్కోవాల్సిందే... యాభై దాటిన చాలామంది బాధ ఇదే. అలాంటివాళ్లకు ఇంటా బయటా దొరికే సలహాలు రెండు. 'పప్పు, వంకాయ, చింతపండు మానెయ్', 'నడక తగ్గించు'. నోరు కట్టుకుని మంచం పట్టడం తప్ప వీటితో ఒరిగేదేమీ లేదు!

ఏ నొప్పో తెలియాలి
మోకాళ్లలో మృదులాస్థి అరిగి వచ్చేది ఆస్టియో ఆర్థరైటిస్. కూర్చుని లేచేటప్పుడు కాళ్లు పట్టేస్తాయి, నాలుగడుగులు వేశాక సర్దుకుంటాయి. రుమటాయిడ్ అలా కాదు. శరీరంలోని రక్షణ వ్యవస్థే కీళ్లమీద దాడిచేస్తుంది. వేళ్ల కణుపులు వాస్తాయి. పొద్దున్నే లేచి గంటయినా పిడికిలి బిగియదు. దీన్ని పథ్యంతో నెట్టుకొస్తే కీళ్లు వంకర్లు పోతాయి. ఆలస్యం చేయకుండా రుమటాలజిస్టును కలిసి మందులు మొదలుపెట్టాలి. రాత్రికి రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ప్రాణం పోతుంటే గౌట్ కావచ్చు. వీళ్లు మద్యం, వేటమాంసం, కార్జం, కూల్‌డ్రింకులు తగ్గించాలి. పప్పు మానక్కర్లేదు.

బరువు దించండి
ఒక కిలో బరువు తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలిమీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అందుకే మానాల్సింది వంకాయ కాదు... సాయంత్రం మిర్చిబజ్జీ, టీలో చక్కెర, మారు వడ్డించుకునే అన్నం. కంచంలో సగం కూరలు, ఆకుకూరలే ఉండాలి. చేపలు తినేవాళ్లు వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోవచ్చు.

కాలు కదపండి
కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి, అయిదు అంకెలు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలితో పదిసార్లు, రెండుపూటలా చేయండి. తొడ కండరం గట్టిపడితే మోకాలికి అదే ఆసరా. చదును నేలమీద పది నిమిషాల నడకతో మొదలుపెట్టండి. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు తగ్గించండి. కూరలు బల్లమీద తరుక్కోండి.

పొట్లాలతో జాగ్రత్త
'రెండు రోజుల్లో నొప్పి మాయం' అంటూ అమ్మే పేరులేని పొడుల్లో స్టెరాయిడ్లు కలిపిన సందర్భాలున్నాయి. వాటితో ముందు హాయిగానే ఉంటుంది. తర్వాత సుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే హఠాత్తుగా ఆపకండి, పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికెళ్లండి. దుకాణంలో కొనుక్కుని రోజూ మింగే నొప్పి మాత్రలూ కిడ్నీలకు చేటే. కీలు ఒక్కసారిగా వాచి జ్వరం కూడా వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.