ప్రమాదం పళ్లెంలోనా, కత్తిపీట దగ్గరా?

2025 ఫిబ్రవరిలో ఒకరోజు ఎనిమిదో తరగతిలో అడుగుపెట్టగానే ఒక అమ్మాయి లేచింది. "మాస్టారండీ, ఏటి అవతల కోళ్లు చచ్చిపోతున్నాయంట. ఇవాళ బడిలో గుడ్డు తినొచ్చాండీ?"

వెనుక బెంచీ నుంచి ఒక కుర్రవాడు, "మా పెట్ట కూడా రాత్రి చచ్చిపోయిందండి. అమ్మ కూర వండేద్దామంటంది" అన్నాడు.

ఆ రోజు పాఠం మారిపోయింది.

మా దిండి దగ్గర చించినాడ వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటితే పాలకొల్లు, ఆపైన తణుకు. ఆ తణుకు మండలం వేల్పూరులోను, పెరవలి మండలం కానూరులోను చనిపోయిన కోళ్ల నమూనాలను భోపాల్ ప్రయోగశాలలో పరీక్షించారు. హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ బయటపడింది.

ఈ వైరస్ జాతికి అసలు ఇల్లు నీటిపక్షులు. అడవి బాతులు చాలాసార్లు జబ్బు పడకుండానే దీన్ని మోసుకు తిరుగుతాయి. వాటి రెట్ట పడిన నీటి నుంచి, ఆ బురద అంటిన చెప్పులు, బుట్టల నుంచి కోళ్లకు సోకుతుంది. కోళ్లు మాత్రం తట్టుకోలేవు.

మరి మనిషికి? వైరస్‌ను తాళంచెవి అనుకోండి. పక్షుల కణాల మీది తాళానికి అది చక్కగా సరిపోతుంది. మన ముక్కు, గొంతు కణాల తాళాలు వేరు. అందుకే మనకు సులభంగా సోకదు. కాని ఊపిరితిత్తుల లోతుల్లో పక్షుల రకం తాళాలున్నాయి. అక్కడికి చేరితే ప్రాణాపాయమే. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకితే 6గురు మరణించారు.

ఇంకో భయం ఉంది. మనిషి ఫ్లూ వైరస్, పక్షి ఫ్లూ వైరస్ ఒకే శరీరంలో కలిస్తే జన్యువులు మార్చుకోగలవు. 1957, 1968లలో ప్రపంచాన్ని చుట్టిన ఫ్లూ వైరస్‌లలో పక్షుల నుంచి వచ్చిన జన్యువులు ఉన్నాయి. ఒక్క కోడికి సోకినా మందనంతా చంపి పూడ్చడం ఇందుకే.

ఇక గుడ్డు సంగతి. 70 డిగ్రీల సెల్సియస్ వేడి లోపలిదాకా చేరితే ఈ వైరస్ నశిస్తుంది. పచ్చసొన గట్టిపడేలా ఉడికిన గుడ్డుతో భయం లేదు. ఆ అమ్మాయి ఆ మధ్యాహ్నం నిశ్చింతగా తిన్నది.

పెట్ట సంగతి వేరు. కూర ఉడకబోయే ముందు ఎవరో ఒకరు ఈకలు పీకాలి, కడుపు కోయాలి. వైరస్ చేతికి, ముక్కుకు అందేది అప్పుడే. కుర్రవాణ్ణి ఇంటికి పంపి, చచ్చిన పెట్టను ఎవరూ తాకవద్దనీ, పశువైద్యశాలకు కబురు చేయమనీ చెప్పించాను. వాళ్లమ్మ కాస్త నొచ్చుకుంది. పేదింట్లో కోడి అంటే మాటలా?

ఆ మార్చిలోనే పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. పుణే వైరాలజీ సంస్థ హెచ్5ఎన్1 అని నిర్ధారించింది. మాంసం కోసేటప్పుడు పాపకు ఒక పచ్చి ముక్క తినిపించినట్లు ఇంటివారు చెప్పారు. వండిన కూర తిన్నవారికి ఏమీ కాలేదు. పత్రికలో ఆ వార్త చదివి ఆ తల్లి తానే బడికి వచ్చింది. "మంచిపని చేశారు మాస్టారండీ" అని మాత్రం అని వెళ్లిపోయింది.

పిల్లలూ! చచ్చిన పక్షిని తాకకండి. పచ్చి మాంసం కోసిన కత్తిపీటను, చేతులను సబ్బుతో కడగందే మరో పని చేయనివ్వకండి. పసిపిల్లలను ఆ దగ్గరకు రానివ్వకండి. ఈ మాట ఇవాళే ఇంట్లో చెప్పండి.