ఫ్యామిలీ ట్రీని వెబ్‌సైట్‌గా పెట్టాలా? సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు ఇవి చూడండి

మా పటేల్‌గూడలో పక్కపక్క ఫ్లాట్లవాళ్లవి కూడా వేర్వేరు జిల్లాలు. పటాన్‌చెరు కంపెనీల్లోనో, బీహెచ్ఈఎల్‌లోనో ఉద్యోగాలకని వచ్చి స్థిరపడ్డవాళ్లు చాలామంది. ఊళ్లో పెద్దవాళ్లకు నోటికొచ్చే చుట్టరికాలు ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలియవు. ఒకప్పుడు వంశరాజ్ కులస్తులు ఊరూరా తిరిగి గోత్రాలు, వంశక్రమాలు చెప్పేవాళ్లు. ఇప్పుడు "వంశవృక్షం ఆన్‌లైన్‌లో పెట్టడానికి ఏది బాగుంటుంది?" అని నన్ను అడుగుతున్నారు.

డిజైన్ చూసి ఎంచుకోకండి. రెండే ప్రశ్నలు వేసుకోండి: పెట్టిన డేటాను మళ్లీ బయటికి తీసుకోగలమా? బతికున్నవాళ్ల వివరాలు దాచగలమా?

డేటా బయటికి వస్తుందా?

ఫ్యామిలీ ట్రీలకు జెడ్‌కామ్ అనే ఫైల్ ఫార్మాట్ 1984 నుంచీ ఉంది. ఒక సాఫ్ట్‌వేర్ మూతపడినా ఈ ఫైల్‌తో ఇంకోదానికి మారిపోవచ్చు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేకపోతే తెలుగు పేర్లు పాడయ్యే ప్రమాదం ఉంది. మామూలు జెడ్‌కామ్ ఫైల్‌లో ఫొటోలు రావు, వాటిని విడిగా దాచుకోవాలి.

ఏవి ఉన్నాయి?

గ్రాంప్స్: ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, లైనక్స్, మ్యాక్‌లో నడుస్తుంది. డేటా మన ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. ఇందులోని 'నరేటెడ్ వెబ్‌సైట్' రిపోర్ట్ మొత్తం ట్రీని వెబ్ పేజీల ఫోల్డర్‌గా చేసిస్తుంది. దాన్ని గిట్‌హబ్ పేజెస్ లాంటి ఉచిత హోస్టింగ్‌లో పెట్టొచ్చు. ఏ మార్పు వచ్చినా మళ్లీ తయారుచేసి అప్‌లోడ్ చేయాలి. ఆ పేజీల్లో చుట్టాలు చూడగలరే తప్ప దిద్దలేరు.

వెబ్‌ట్రీస్: 2010లో పీహెచ్‌పీ జెడ్‌వ్యూ నుంచి విడిపోయి వచ్చింది. ఇదీ ఉచితమే కానీ పీహెచ్‌పీ, డేటాబేస్ ఉన్న హోస్టింగ్ కావాలి, దానికి ఖర్చవుతుంది. అమెరికాలో ఉన్న అన్నయ్య, ఊళ్లో ఉన్న పెద్దమ్మ కొడుకు ఎవరి ఫోన్లో వాళ్లు లాగిన్ అయి వివరాలు చేర్చొచ్చు. అప్‌డేట్లు మాత్రం ఎవరో ఒకరు చూసుకోవాలి.

ఫ్యామిలీసెర్చ్: ఉచితం, సెటప్ పని లేదు. కానీ ప్రపంచం మొత్తానికీ ఒకటే ట్రీ. మీరు చేర్చిన చనిపోయినవాళ్ల వివరాలను వేరేవాళ్లు కూడా మార్చొచ్చు. సొంత వెబ్‌సైట్ కావాలంటే ఇది సరిపోదు.

మన ఇళ్లలో వచ్చే చిక్కులు

మేనరికం ఉంటే ఒకే మనిషి రెండు వైపుల నుంచీ వస్తారు. అలాంటప్పుడు రెండో ఎంట్రీ చేయకండి, ఉన్న ఎంట్రీకే కలపండి. చార్టులో ఆ పేరు రెండుసార్లు కనపడినా తప్పు కాదు. ఆడవాళ్లకు పుట్టింటి ఇంటిపేరే అసలు పేరుగా ఇచ్చి, అత్తింటిది రెండో పేరుగా చేర్చండి. ఇంటిపేరు ముందు కనపడేలా గ్రాంప్స్‌లో సెట్ చేసుకోవచ్చు.

అసలు జాగ్రత్త ఇక్కడే

పుట్టిన తేదీ, తల్లి పుట్టింటి ఇంటిపేరు... సెక్యూరిటీ ప్రశ్నల్లో అడిగేవి ఇవే. "మీ బాబాయిగారి ఫ్రెండ్‌ని" అంటూ ఫోన్ చేసే మోసగాడికి మీ ట్రీ అంతా తెరిచి పెట్టినట్టే. గ్రాంప్స్‌లో వెబ్‌సైట్ తయారుచేసేటప్పుడు బతికున్నవాళ్లను వదిలేసే ఆప్షన్ ఉంది, తప్పక వాడండి. గిట్‌హబ్ ఉచిత అకౌంట్‌లో పేజెస్ వాడాలంటే రిపాజిటరీ పబ్లిక్‌గా ఉండాలి. కాబట్టి పూర్తి జెడ్‌కామ్ ఫైల్‌ను అందులో పెట్టొద్దు. వెబ్‌ట్రీస్‌లో లాగిన్ లేనివాళ్లకు బతికున్నవాళ్లు కనపడకుండా ఉంచొచ్చు.

సైట్ పెట్టాక ఫోన్‌లో ఇన్‌కాగ్నిటో ట్యాబ్ తెరిచి, మీ పిల్లల పేర్లు వెతకండి. కనపడితే లింక్ ఎవరికీ పంపకుండా ముందు సెట్టింగ్ సరిచేయండి.

నా సలహా

ఒక్కరే చూసుకునేదైతే గ్రాంప్స్, నలుగురూ కలిసి రాసేదైతే వెబ్‌ట్రీస్. ముందు ఒక మేనరికం ఉండేలా 20 మందిని ఎక్కించి, జెడ్‌కామ్‌గా తీసి, ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. పేర్లు, చుట్టరికాలు చెక్కుచెదరకుండా వస్తేనే మిగతా వంశాన్నంతా ఎక్కించండి.