గుండెకి రక్తం సరిగ్గా అందుతోందా? - 'స్పెక్ట్' స్కాన్ గురించి నాలుగు మాటలు

ఖతార్ లో నలభై దాటిన మన తెలుగువాళ్ళు ఇద్దరు కలిస్తే మాటలు షుగరు, బీపీల మీదికి వెళ్ళకుండా ఉండవు. దానికి కారణం లేకపోలేదు. 2007లో 'జామా' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, మొదటిసారి గుండెపోటు వచ్చిన దక్షిణాసియా వాళ్ళ సగటు వయసు 53. మిగతా దేశాల వాళ్ళలో ఆ వయసు సుమారు 59.

ఈమధ్య దోహాలోనే ఉండే ఒక మిత్రుడికి డాక్టరు గారు 'న్యూక్లియర్ స్ట్రెస్ టెస్ట్' రాశారు. "న్యూక్లియర్ అంటే భయంగా ఉంది, ఇండియా వెళ్ళినప్పుడు చూద్దాంలే" అన్నాడు. నేను వైద్యుణ్ణి కాదు, సాఫ్ట్ వేర్ ఇంజనీర్ని. ఐతే ఈ పరీక్షలో సగం పని కంప్యూటర్ దే కాబట్టి, అతనికి చెప్పిందే మీతోనూ పంచుకుంటున్నాను.

యాంజియోగ్రామ్ రక్తనాళం ఎక్కడ సన్నబడిందో చూపిస్తుంది. స్పెక్ట్ గుండె కండరానికి రక్తం చేరుతోందా అని చూపిస్తుంది. కాలవ ఎంత పూడిందని కాకుండా, చేనుకి నీరందుతోందా అని చూడటం అన్నమాట.

టెక్నీషియం-99ఎం కలిపిన మందుని చేతి నరంలోకి ఎక్కిస్తారు. రక్తం బాగా అందే కండరం దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. అక్కణ్ణించి వచ్చే గామా కిరణాలని కెమెరా ఛాతీ చుట్టూ అనేక కోణాల్లో పట్టుకుంటుంది. ఆ బొమ్మలన్నిటినీ కలిపి కంప్యూటర్ గుండెని పొరలు పొరలుగా తిరిగి నిర్మిస్తుంది.

మామూలుగా రెండు సార్లు తీస్తారు: విశ్రాంతిలో ఒకసారి, ట్రెడ్ మిల్ నడక లేదా మందు ఇచ్చాక ఇంకోసారి. శ్రమలో మాత్రమే మచ్చ కనిపిస్తే ఆ భాగం బతికే ఉంది, రక్తం చాలట్లేదని అర్థం. రెండింటిలోనూ ఉంటే సాధారణంగా అది పాత గుండెపోటు గుర్తు. చికిత్స నిర్ణయానికి ఈ తేడా చాలా ముఖ్యం.

ఇక రేడియేషన్ సంగతి. టెక్నీషియం శక్తి ప్రతి 6 గంటలకీ సగమవుతుంది. ఒక రోజులో పదహారో వంతుకి తగ్గుతుంది. మొత్తం మోతాదు సుమారు 10 మిల్లీసీవర్టులు, అంటే ప్రకృతి నుంచి మనకి మూడు నాలుగేళ్ళలో అందేంత. అవసరం లేకుండా చేయించుకోకూడదు, అవసరమైతే భయపడి మానకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముందే చెప్పాలి.

ఈ పరీక్షకీ పరిమితులున్నాయి. మూడు ప్రధాన నాళాలూ సమానంగా మూసుకుపోతే పోల్చడానికి మంచి భాగమంటూ మిగలదు, రిపోర్టు మామూలుగానే కనిపించవచ్చు. అందుకే లక్షణాలతో కలిపి డాక్టరు చదవాలి.

కొన్ని జాగ్రత్తలు:
- ఆసుపత్రి వారు చెప్పినంతసేపు (తరచుగా 24 గంటలు) కరక్ చాయ్, కాఫీ, కోలా, చాక్లెట్ మానండి. కెఫీన్ స్ట్రెస్ మందుని పనిచేయనివ్వదు.
- వాడుతున్న మందులని మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుని అడగండి.
- వెంటనే విమాన ప్రయాణం ఉంటే ఆసుపత్రి నుంచి లెటర్ తీసుకోండి. విమానాశ్రయాల్లోని రేడియేషన్ డిటెక్టర్లు మోగవచ్చు.

చివరగా ఒక్క మాట. ఈ స్కాన్ తీరిగ్గా చేసే పరీక్ష. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికి పాకే నొప్పి వస్తే "గ్యాస్ ఏమోలే" అనుకుంటూ కూర్చోకండి, మీరే కారు నడుపుకుంటూ వెళ్ళకండి. వెంటనే 999కి ఫోన్ చెయ్యండి.